నా కాలు నేనే ఎంచుకున్నాను

బిజినేపల్లి మండలం,
14 జూన్ 2004, సోమవారం.

చిరంజీవి సుదర్శన్‌కు మీ అమ్మ అమృతమ్మ వేయి దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాయన, చెల్లె శ్రుతి, రెండు బర్రెలు, మొన్న పుట్టిన దూడతో సహా అందరం బాగున్నాం. పూణెలో నువ్వూ, నీ వెంట వెళ్ళిన మన ఊరి పిల్లలూ బాగున్నారని తలుస్తున్నాను. బాగుండకపోతే ఆ మాటే రాయి. బాగాలేకున్నా బాగున్నామని చెప్పే అలవాటు మన ఇంట్లో ఇక చాలు.

నీ ఉత్తరం గురువారం అందింది. పోస్టుమ్యాన్ కవరు చేతిలో పెట్టి బరువు చూసి, "ఏందమ్మో, కొడుకు పుస్తకం రాసి పంపిండా?" అన్నాడు. విప్పితే రాత ఒక్క పేజీ, మిగతావన్నీ హైదరాబాదు కంపెనీ రంగు కాగితాలు. ఒక దొరబాబు ప్యాంటు మోకాలి దాకా మడిచి, మెరిసే కాలుతో పచ్చగడ్డి మీద నవ్వుతూ నిలబడ్డాడు. ఆ గడ్డిలో ఒక్క పల్లేరుకాయ ఉంటుందా అని మీ నాయన అడిగాడు. శ్రుతి ఆ బొమ్మ కత్తిరించి నోట్‌బుక్కుకు అట్ట వేసుకుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాయన దగ్గు తగ్గింది, బీడీ తగ్గలేదు. శ్రుతి ఎనిమిదో తరగతికి వచ్చింది, పుస్తకం తీయమంటే మాత్రం కడుపునొప్పి వస్తుంది. బర్రెకు పెయ్యదూడే పుట్టింది, నువ్వు గెలిచావు. రెండు వానలు పడ్డాయి, దుక్కి తడిసింది. ఈసారి ఆముదాలు పెడదామని మీ నాయన అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. పాము కరిచిన చేనులోనే పల్లి వేస్తాను, పీకే రోజు నేనే ముందు సాలులో కూర్చుంటాను. ఇంకో ప్రశ్న కూడా అడిగావు. కిందటి ఉత్తరంలోనూ అదే అడిగావు, అప్పుడు నేను దాన్ని తప్పించి బర్రె సంగతి రాశాను. ఈసారి తప్పించను. కానీ దానికి జవాబు రాయడానికి నాకు కొంచెం ధైర్యం చేరాలి, కాబట్టి ముందు మిగతాది చదువు.

ఇక అసలు సంగతి. "అమ్మా, నీకు ఆ కంపెనీ కాలు పెట్టించేదాకా ఇంటి ముఖం చూడను, కాలేజీ ముఖం చూడను" అని రాశావు. వనపర్తి పాలిటెక్నిక్‌లో నీకు మిగిలింది ఒక్క చివరి సంవత్సరం. దాన్ని వదిలేసి మేస్త్రీ వెంట పోయి రోడ్డు మీద కంకర మోస్తున్నావు, నా కాలి కోసం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టుంది నీ పట్టుదల. నిన్ను ఎవరు ఒట్టు పెట్టమన్నారురా? నన్ను అడిగావా? కాలు పోయింది నాది, పెట్టుకునేది నేను, ఏ కాలో, ఎవరి చేతి కాలో చెప్పేది మాత్రం పూణెలో కూర్చున్న నువ్వు!

ఆ కంపెనీ కాలు నాకు వద్దు. నేను వేరే కాలు చేయించుకున్నాను, పదిహేను రోజులుగా దానిమీదే నడుస్తున్నాను. నువ్వు ఇంటికి వచ్చి చదువుకోవాలి. ఈ ఉత్తరం అందుకే. ఎవరితో చేయించుకున్నానో, ఎందుకు ఆమెతోనే చేయించుకున్నానో చెబుతాను. మధ్యలో "అది కాదమ్మా" అనడానికి నువ్వు ఎదురుగా లేవు కాబట్టి ఈసారి నా మాటలు పూర్తిగా వింటావు.

మొదటి కాలు సంగతి నీకు సగమే తెలుసు. ఫిబ్రవరిలో గద్వాలలో ఉచిత శిబిరం పెట్టారని మన మహిళా సంఘానికి కబురొస్తే, నేనూ మీ నాయనా రెండు బస్సులు మారి పోయాం. బడి ఆవరణలో షామియానా కింద వంద మందికి పైగా ఉన్నారు. ముగ్గురు మగపిల్లలు కొలతలు తీసుకుంటున్నారు. చీర మోకాలి పైకి తీయమన్నారు. అందరి ముందు ఎలా తీస్తాను? కొంచెం తీసి, మిగతాది చేత్తో అదిమి పట్టుకున్నాను. సాయంత్రానికి కాలు తొడిగారు. నాలుగడుగులు వేయించి, "ఎట్లుందమ్మా?" అని అడిగారు.

లోపల ఎముక మీద ఎవరో గంటె కాల్చి పెట్టినట్టుంది. నేను ఏమన్నానో తెలుసా? "మంచిగుంది సార్." నా ముందున్న ముసలాయన అదే అన్నాడు. నా వెనకున్న అమ్మాయీ అదే అంది. మన వాళ్ళ నోట ఇంకో మాట రాదు కదా. ఒకరు పుణ్యానికి ఇస్తున్నప్పుడు నొప్పి అంటే ఏమనుకుంటారో! పైగా కొత్త చెప్పు కరిచినట్టు ఇదీ కరుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది అనుకున్నాను. బిగుతుగా ఉంటేనే నిలుస్తుందనీ అనుకున్నాను. ఆ పిల్లలు దండం పెట్టి పంపించారు. వాళ్ళను ఒక్క మాట అనను. నేను మంచిగుందంటే వాళ్ళు మంచిగుందనే రాసుకున్నారు.

పది రోజులకు పుండు పడింది. మీ నాయన అరుస్తుంటే నీకు రాయొద్దని నేనే చెప్పాను. నీకు మాత్రం "కొత్త కాలు అలవాటవుతున్నది" అని రాశాను. నాగర్‌కర్నూల్‌లో కట్లు కట్టే నర్సమ్మ పుండు చూసి, "ఈ కాలు దండేనికి తగిలియ్యమ్మ. వనపర్తిల ఉమారాణి అని ఒకామె ఉంది, నోరు మంచిది గాదు గని చెయ్యి మంచిది. ఆమె కాడికి పో" అంది.

మార్చి నెలాఖరుకు పుండు మానాక పోయాం. బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు. గోడకు వరసగా చేతులు, కాళ్ళు. ముప్పై అయిదేళ్ళ మనిషి, కొంగు నడుముకు చుట్టి, చేతుల నిండా సున్నపు పిండితో ఏదో రుద్దుతున్నది. మమ్మల్ని కూర్చోమనలేదు, మంచినీళ్ళు అడగలేదు. పని ముగించి చేతులు కడుక్కుని తలుపు వేసి, మీ నాయనను కూడా బయటికి పంపి, అప్పుడు నా కాలు చూసింది. రెండు చేతులతో పట్టుకుని, పిండి ఎంత మెత్తబడిందో చూసినట్టు ఒత్తి ఒత్తి చూసింది.

"ఇది ఇంక వాపు దిగలే. ఇప్పుడు కొలత దీస్తే నెల రోజులకు వదులైతది. పట్టీ చుట్టుకుంట ఉండు, నెల దాటినంక రా" అంది.

నాకు ఎంత కోపమొచ్చిందో! తెల్లవారుజామున లేచి చంకకర్రల మీద వచ్చిన మనిషిని ఇలా తిప్పి పంపుతుందా అని. బయటికి వచ్చి మీ నాయనతో, "పని రాకనే గిట్ల తిప్పుతుంది" అన్నాను. నువ్వూ నీ ఉత్తరంలో అదే రాశావు, పని వచ్చినవాళ్ళు రెండుసార్లు తిప్పి పంపరని. నా కడుపున పుట్టినవాడివే కదా.

ఆ మధ్యలోనే నీ పోరు పడలేక హైదరాబాదు పోయాం. నీ కోసమే పోయాను, ఇది మాత్రం గుర్తుపెట్టుకో. ఆ కంపెనీ వాళ్ళు చాలా మర్యాదగా ఉన్నారు. చల్లటి గది, మెత్తటి కుర్చీ, "రండి మేడం". మూడు రోజుల్లో కాలు ఇస్తామన్నారు. ఉమారాణి వాపు అంటే వీళ్ళు వాపు మాటే ఎత్తలేదు. నేను కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాను. ఆ కోటు వేసుకున్న అబ్బాయి కంగారుపడి, "అయ్యో మేడం, ఏమైంది?" అన్నాడు. "ఏం గాలే నాయినా. నేను గిట్ల కూసుంట. బర్రె పాలు పిండాలె, కలుపు దియ్యాలె, రొట్టెలు గొట్టాలె. మీ కాలు గిట్ల కూసుంటదా?" అని అడిగాను.

అతను నవ్వి చెప్పాడు, నేల మీద కూర్చోవడం మానేయాలట. నీళ్ళు తగలనీయొద్దట. పొలం పనులు "కంప్లీట్‌గా అవాయిడ్" చేయాలట. ఎప్పుడైనా కరిస్తే, వదులైతే హైదరాబాదే రావాలట. నేను లేచాను. కాలు నాకోసమా, నేను కాలు కోసమా? పాలు పిండొద్దు, కలుపు తీయొద్దు, నేల మీద కూర్చోవద్దు అంటే మిగిలిన అమృతమ్మ ఎవరు? ఆ రంగు కాగితంలో దొరబాబు పక్కన నిలబడడానికా? వాళ్ళది మంచి కాలే అయ్యుంటుంది, ఆఫీసులో కూర్చునే మనిషికి. నాకు మాత్రం కాదు. జడ్చర్లలో బస్సు ఆగితే మీ నాయన రెండు మిర్చి బజ్జీలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఏప్రిల్ చివర ఉమారాణి దగ్గరికి మళ్ళీ పోయాం. దారం పెట్టి కొలిచింది, కిందటిసారి రాసుకున్న కొలతతో చూసుకుంది. "ఇంక దిగుతనే ఉంది. ఇంకో పదిహేను రోజులు" అంది. ఈసారి నాకు కోపం రాలేదు. కిందటి కొలత రాసిపెట్టుకున్న మనిషి ఈమె ఒక్కతే. ఆ రోజు కూర్చోబెట్టి అడిగింది, "పొద్దుగాల లేసి పండుకునేదాక ఏమేం జేస్తవో జెప్పు, ఒక్కటి గూడ ఇడువకు" అని. వాకిలి ఊడవడం దగ్గర మొదలుపెట్టాను. పేడ ఎత్తడం, బోరు కాడ బిందె, గట్టు మీద నడక, సంఘం మీటింగులో రెండు గంటలు మఠం వేసి కూర్చోవడం అన్నీ చెప్పాను. రాసుకుంటూ పోయింది. చివరికి పెన్ను పక్కన పెట్టి, "అన్నీ జేస్కో. వరి నాటుకు మాత్రం బురదల దిగకు. దిగితే నువ్వొస్తవ్, కాలు ఆడనే ఉంటది. అది నాతోని గాదు" అంది.

నాకు ఆమె మీద గురి కుదిరింది అప్పుడే. ఇది నాతో కాదు అని ఒక్కటైనా చెప్పినవాళ్ళు అంతవరకు లేరు. గద్వాలలో అన్నీ అవుతాయన్నారు, హైదరాబాదులో అన్నీ మానేయమన్నారు.

మే నెలలో పిండికట్టు వేసి అచ్చు తీసింది. వారానికి కాలు తయారైంది. తొడిగి నడవమంది, తాను నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి నా పాదాల వంక చూసింది. ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు. కిటికీలోంచి చూస్తున్న మీ నాయనకు అదే నచ్చింది. "ఎడ్లకు నాడాలు కొట్టే మన ఎల్లన్న గూడ అంతే, ఎద్దును నడిపిచ్చి సూడంది మొల ముట్టడు. ఈమెకు పని తెలుసు" అన్నాడు. పెళ్ళాన్ని ఎద్దుతో పోల్చినందుకు ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో శ్రుతిని అడుగు, చెబుతుంది.

అప్పుడు ఉమారాణి అడిగింది. "నొస్తుందా?"

"లే మేడం, మంచిగుంది."

సుదర్శన్, నిజం చెబుతున్నాను, నొస్తున్నది. ఒకచోట పట్టి బిగిస్తున్నది. అయినా నా నోరు అదే మాట అంది. దానికి వేరే మాట రాదు.

"విప్పు" అంది. విప్పాను. మోకాలి కింద ఎర్రగా వాత తేలింది. దాని మీద వేలు పెట్టి, "మరి ఇదేంది?" అంది. "నోరు అబద్ధమాడ్తదమ్మా, తోలు ఆడదు. నువ్వు మంచిగుందంటే నేను ఖుష్ అయితననుకున్నవా? నొస్తే నొస్తుందను. కాలు నీది, నాకేం సిగ్గు?" అని కసిరింది. ఆ ఒక్కచోట గీకి, నునుపు చేసి, మళ్ళీ తొడిగింది. మళ్ళీ విప్పమంది. అలా ఆ రోజు ఏడుసార్లు. ఏడోసారి నేనే అన్నాను, "మేడం, ఈడ జర కరుస్తుంది" అని. ఆమె మొదటిసారి నవ్వింది. నాకు నలభై ఏళ్ళు, నొప్పిని నొప్పి అనడం ఆ రేకుల షెడ్డులో నేర్చుకున్నాను.

అందుకే ఆమెను ఎంచుకున్నాను. నొప్పి దాస్తే పట్టుకుంటుంది. ముప్పావు గంట బస్సు దూరంలో ఉంటుంది. రేపు వదులైతే రేపే పోతాను. ఇంతకంటే పెద్ద కంపెనీ ఉంటే నువ్వు చూసుకో.

ఇక ఆ ప్రశ్న.

"ఆ రోజు నేను తాడు కట్టకపోతే నీ కాలు దక్కేదా? డాక్టరు నీతో ఒంటరిగా ఏమన్నాడు?" అని రెండుసార్లు అడిగావు. ఆ ఎర్ర వాత చూసి ఉమారాణి కూడా అడిగింది. "పాము కరిసింది కాలి వేలికని చెప్తివి. కాలు ఇంత మీదికి ఎందుకు తీసిన్రు? తాడు కట్టిన్రా?" అని. ఏడు నెలలుగా ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. పరాయి మనిషికి చెప్పి కన్నకొడుకుకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

దక్కేదట. డాక్టరు చెప్పాడు. పాము విషానికి మందు పడింది, పని చేసింది. కాలును చంపింది తాడు. మూడు గంటలు నెత్తురు ఆడక కింది భాగం మురిగిపోయిందన్నాడు. ఇది నీకు చెప్పకుండా దాచాను, కానీ నేను దాచిన అసలు సంగతి ఇది కాదు.

ఆ మధ్యాహ్నం జరిగింది నువ్వు ఒక విధంగా గుర్తుపెట్టుకున్నావు. నేను జరిగింది జరిగినట్టు చెబుతాను. పల్లి కుప్ప కింద పాము నా కాలి వేలికి కరిచింది. నువ్వు మోపు తాడు తెచ్చి కట్టావు, వదులుగా కట్టావు. "ఎన్నెస్సెస్ క్యాంపుల చెప్పిన్రమ్మా, తాడు కింద వేలు దూరాలె" అన్నావు. నేను ఏమన్నాను? "వేలు దూరితే విషం దూరదారా? బిగియ్! ఇంక బిగియ్!" అన్నాను. మా అమ్మ అలాగే చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు అలాగే చెప్పింది, కట్టు ఎంత గట్టిగా ఉంటే ప్రాణం అంత గట్టి అని. నువ్వు ఏడుస్తూ బిగించావు. జీపులో బిజినేపల్లి దాటాక "కాలు నల్లగైతుందమ్మా, జర వదులు జేస్త" అని చెయ్యి పెట్టావు. నేను ఆ చేతి మీద కొట్టాను. మీ నాయన ముందు సీటులో ఉన్నాడు, నేను నిన్ను ఊరడించడానికి కట్టుకథ చెబుతున్నాననుకుంటే ఆయనను అడుగు.

దవాఖానలో డాక్టరు, "ఎవడు కట్టిండు ఇది?" అని అరిచాడు. నువ్వు ముందుకు వచ్చి, "నేనే కట్టిన సార్" అన్నావు. చదువుకున్నవాడివి, బుద్ధి లేదా అని అందరి ముందు నిన్ను తిట్టాడు. నాకు తెలివి ఉంది సుదర్శన్. అన్నీ వినబడుతున్నాయి. "వాని తప్పు గాదు సార్, నేనే బిగియ్యమన్న" అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను కళ్ళు మూసుకున్నాను. మత్తులో ఉన్నదనుకున్నారు. తర్వాత వార్డులో నువ్వు నా మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడిస్తే, నీ తల నిమిరాను, నోరు మాత్రం విప్పలేదు.

ఎందుకంటే భయమేసింది. కాలు పోయింది, ఆ తప్పూ నాదే అని ఒప్పుకుంటే, పోయిన కాలి కోసం ఏడ్చే హక్కు కూడా నాకు ఉండదేమో అనుకున్నాను. నిన్ను అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నేను బిగియ్యమన్నది నీకు గుర్తు లేక కాదు, నాకు తెలుసు. అమ్మ మాట ఎందుకు విన్నానా అని నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. నేను నోరు మూసుకున్నందుకు అదే న్యాయమనుకున్నావు. నీకు తెలిసింది సరైనది. క్యాంపులో నీకు చెప్పింది సరైనది. ఆ రోజు ఆ జీపులో బుద్ధి ఉన్నది నువ్వు ఒక్కడివే. నా దెబ్బ తిన్న చెయ్యి నీది. తప్పు నాది.

కాబట్టి నువ్వు కంకర మోసి కడుక్కోవలసిన పాపం ఏదీ లేదు. నా మీద కోపం వస్తే రానీ, రావాలి కూడా. ఇంటికి వచ్చి, ఎదురుగా కూర్చుని, ఎంత తిట్టాలో అంత తిట్టు. అడ్డు చెప్పను. ఒక పూట అన్నం తినకపోయినా ఊరుకుంటాను. దూరాన ఉండి నన్ను క్షమించి, నిన్ను నువ్వు శిక్షించుకుంటే మాత్రం ఊరుకోను. ఆ బేరం నాకు వద్దు.

ఇక చివరి సంగతి. మొన్న శుక్రవారం నేను వనపర్తి పోయాను. ఉమారాణి దగ్గరికి కాదు, నీ కాలేజీకి. మీ నాయన తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. బస్టాండు నుంచి నడిచే పోయాను. మీ కాలేజీ ఉన్న ఆ పాత రాజుగారి భవనం మెట్లు ఎవరు కట్టించారో గానీ, ఒక్కొక్కటి మోకాలంత ఎత్తు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. రెండుచోట్ల ఆగాను. ఒక పిల్లవాడు చెయ్యి అందివ్వబోతే "నీ క్లాసుకు నువ్వు పో నాయినా" అన్నాను.

ఆఫీసులో గుమాస్తా, "మధ్యల ఇడిసిపెట్టినోల్లకు మల్ల సీటు కష్టమమ్మా" అన్నాడు. ప్రిన్సిపాల్ సార్‌ను చూస్తానన్నాను. కూర్చోమంటే నిలబడే ఉన్నాను. సార్ నీ మార్కుల కాగితం తెప్పించుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇంత మంచి పిల్లగాడు ఎందుకు ఇడిసిపెట్టి పోయిండమ్మా?" అని అడిగాడు.

గద్వాలలో షామియానా కింద చీర కొంచెం తీసి చేత్తో అదిమి పట్టుకున్న మనిషిని కదా నేను. ఆ గదిలో సార్ ఉన్నాడు, గుమాస్తా ఉన్నాడు, తలుపు దగ్గర పిల్లలున్నారు. నేనే కుచ్చిళ్ళు మోకాలి దాకా ఎత్తి, కాలు ముందుకు పెట్టి చూపించాను.

"దీని కోసం పోయిండు సార్. ఇది ఒచ్చేసింది. ఇంక వానికి ఆడ పనేం లేదు."

సార్ గుమాస్తాతో దరఖాస్తు కాగితం తెమ్మన్నాడు. తల్లిదండ్రుల సంతకం దగ్గర నేను పెట్టాను. విద్యార్థి సంతకం దగ్గర ఖాళీ ఉంది. ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం దాకా దాన్ని తన బల్ల మీదే ఉంచుతానన్నాడు.

ఇట్లు,
తప్పు తనదని సంతకం పెట్టి చెబుతున్న మీ అమ్మ,
అమృతమ్మ.